ఫిలడెల్ఫియా కుర్రాడి కథ రాస్తున్న తమ్ముడికి

ప్రియమైన తమ్ముడూ,

నీ నవల రాతప్రతి అంతా చదివాను. బాగుందో లేదో ఒక్క ముక్కలో చెప్పమన్నావు. ఒక్క ముక్కలో తేలేది కాదు కాబట్టి ఈ ఉత్తరం.

అమెరికాలోని నార్త్ ఫిలడెల్ఫియా, 2021 వసంతకాలం. పదిహేడేళ్ల నల్లజాతి కుర్రాణ్ణి కార్నర్ స్టోర్ ముందు కాల్చి చంపారు. పదిహేనేళ్ల తమ్ముడు ఆ తర్వాత ఎలా పెద్దవాడయ్యాడన్నది నీ కథ. మంచి కథే. కానీ సగం పుస్తకం తుపాకీ చుట్టూనే తిరిగింది. పేల్చింది ఎవరు, తమ్ముడి చేతికి పిస్తోలు ఎప్పుడొస్తుంది, వాడు నొక్కుతాడా లేదా. ఇది మనం చూస్తూ పెరిగిన సినిమాల చలవ. అన్న పోతే తమ్ముడు ఇంటర్వెల్ లోపు శపథం చెయ్యాలి. నువ్వు కత్తి తీసేసి పిస్తోలు పెట్టావు, అంతే తేడా.

నాకు ఆ కుర్రాడు కావాలి. కాల్పులకి అరపేజీ చాలు, ఆ తర్వాతి రెండేళ్లకి మిగతా పుస్తకమంతా ఇవ్వు. నేను చెప్పదలుచుకున్నది ఇదే.

ముందు ఆ అరపేజీ సంగతి తేల్చేద్దాం. రివాల్వర్‌తో కాల్చాడన్నావు. తర్వాతి పేజీలో పోలీసులు రోడ్డు మీద ఖాళీ షెల్స్ పక్కన పసుపు నంబర్లు పెడుతున్నారు. రివాల్వర్‌లో షెల్స్ సిలిండర్‌లోనే ఉండిపోతాయి, కాల్చినప్పుడల్లా బయటికి చిమ్మేది సెమీ ఆటోమేటిక్ పిస్తోలు. ఇంకోటి, అంబులెన్స్ కోసం మూడు పేజీలు ఎదురుచూపులు రాశావు. ఫిలడెల్ఫియాలో తూటా తగిలినవాళ్లలో చాలామందిని పోలీసులే తమ కారు వెనక సీట్లో వేసుకుని ట్రామా సెంటర్‌కి, అంటే తీవ్ర గాయాలకి వైద్యం చేసే హాస్పిటల్‌కి, పరిగెత్తిస్తారు. 'స్కూప్ అండ్ రన్' అంటారు అక్కడ, దశాబ్దాలుగా ఉన్న పద్ధతే. నీ మూడు పేజీల టెన్షన్ కంటే ఇందులో కథ ఎక్కువ. అన్నని చేతులూ కాళ్లూ పట్టుకుని కారులోకి తోస్తుంటే తమ్ముడు చూస్తాడు. తలుపు వేసేస్తారు. వీణ్ణి ఎక్కించుకోరు. ఏ హాస్పిటలో చెప్పేవాడుండడు. అమ్మమ్మకి ఫోన్ చేసి ఏమని చెప్పాలో పదిహేనేళ్లవాడే తేల్చుకోవాలి. వాడి బాల్యం ఆ ఫోన్ కాల్ దగ్గర అయిపోయింది. అక్కడ నువ్వు వర్షం కురిపించావు. వద్దు.

తర్వాత బట్టల సంగతి. అన్న వేసుకున్న హుడీ తమ్ముడిదేననీ, పొద్దున అడగకుండా తీసుకున్నాడనీ నువ్వే రాశావు. భలే దొరికింది నీకు. కానీ దాన్ని అక్కడే వదిలేశావు. హాస్పిటల్లో కత్తిరించి తీసిన బట్టల్ని కాగితం సంచుల్లో పెట్టి పోలీసులకి అప్పగిస్తారు, అవి సాక్ష్యం. ఫోన్ కూడా అంతే, డిటెక్టివ్‌ల దగ్గరికి పోతుంది. అంటే ఆ కుర్రాడికి తన హుడీ రాదు, అన్న గొంతున్న వాయిస్ మెసేజ్‌లూ రావు. "నా హుడీ ఎప్పుడిస్తారు?" అని వాడు అడిగితే డిటెక్టివ్ విజిటింగ్ కార్డు చేతిలో పెడతాడు. ఆ కార్డుని వాడు ఎక్కడ దాచుకుంటాడో రాయి. నీ పదో అధ్యాయంలో వాడు ఏడ్చిన ఏడుపంతా ఆ ఒక్క వాక్యంలో చెప్పొచ్చు.

ఇంకో పెద్ద పొరపాటు ఉంది, చరిత్రకి సంబంధించింది. 2021 ఏప్రిల్లో వాణ్ణి హైస్కూలు కారిడార్లో నడిపించావు. అప్పుడు కోవిడ్. ఆ ఊరి పబ్లిక్ హైస్కూలు పిల్లలు దాదాపు అందరూ ఇంట్లోనే ఉన్నారు, బళ్లు పూర్తిగా తెరిచింది ఆ ఏడాది ఆగస్టు చివర్లో. నీ కథకి ఇంతకంటే వరం ఏముంటుంది? అన్న చచ్చిపోయిన మర్నాడు వాడు ఆన్‌లైన్ క్లాసు కోసం క్రోమ్‌బుక్ ల్యాప్‌టాప్ తెరుస్తాడు. కెమెరా ఆఫ్, మైక్ మ్యూట్. టీచర్ ఆల్జీబ్రా చెప్తుంటాడు. ఈ నల్ల చతురస్రం వెనక ఏం జరిగిందో ఆయనకి తెలీదు. పక్కనే అన్న మంచం, దుప్పటి అన్న తన్నేసిన తీరులోనే ఉంది. అటెండెన్స్‌కి "హియర్" అని టైప్ చెయ్యాలి. చేస్తాడా? నేనైతే ఇక్కడ పది పేజీలు కూర్చుంటాను.

మొదటి పేజీలో నువ్వు వేసిన లెక్క తప్పు కాదు. 2021లో ఆ నగరంలో 562 మంది హత్యకు గురయ్యారు, అంతకు ముందు ఏ ఏడాదీ అంతమంది పోలేదు. అమెరికా మొత్తం మీద పిల్లలూ టీనేజర్ల చావులకి 2020 నుంచి మొదటి కారణం తుపాకీయే, రోడ్డు ప్రమాదాల్ని కూడా దాటేసింది. నీకు ఇవన్నీ తెలిసి ఉండాలి. కానీ వాడికి 562 అన్న అంకె తెలీదు. వాడి డ్రాయర్లో చనిపోయిన స్నేహితుడి ఫొటో అచ్చేసిన టీషర్టు ఇదివరకే ఒకటుంది. అన్న ఫొటో ఉన్నది రెండోది. ఆ రెండూ మడతపెట్టి ఒకదాని మీద ఒకటి పెట్టేటప్పుడు ఏది పైనుండాలో వాడు ఆలోచిస్తే, పాఠకుడికి నీ లెక్క అక్కర్లేదు.

ఇక హంతకుడు. నీ నవలలో నాలుగు వారాల్లో దొరికిపోయాడు. ఆ ఏడాది ఆ ఊళ్లో సగానికి పైగా హత్య కేసుల్లో అరెస్టే జరగలేదు. వీధిలో అందరికీ పేరు తెలుసు, కేసు మాత్రం కదలదు. మరి ఎందుకు చెప్పరు అని నీ పాత్ర ఒకడు ఉపన్యాసం దంచాడు. ఆ ఉపన్యాసం కొట్టెయ్. సాక్ష్యం చెప్పి రాత్రికి అదే వీధిలో పడుకోవాల్సింది ఎవరో ఆలోచించు. చంపాడని అందరూ అనుకునేవాడు అదే బస్సెక్కి ముందు సీట్లో కూర్చుంటే నీ కుర్రాడు దిగిపోతాడా, ఉంటాడా? ఇలాంటిది రాయి.

పిస్తోలు విషయంలోనూ నాకు పేచీ ఉంది. స్నేహితుడి బ్యాగులోంచి చాక్లెట్‌లా ఊడిపడింది. లైసెన్సున్న దుకాణం 21 ఏళ్లలోపు వాళ్లకి పిస్తోలు అమ్మకూడదని అమెరికా ఫెడరల్ చట్టం. అంటే టీనేజర్ చేతిలో ఉన్న పిస్తోలుకి వెనక ఎక్కడో ఒక పెద్ద వయసు చెయ్యి ఉంటుంది. తాళం వెయ్యని కారులోంచి పోయి ఉండొచ్చు, కేసుల్లేని ఎవరి పేరు మీదో కొనిపించి ఉండొచ్చు. ఆ దారి రెండు వాక్యాల్లో చెప్పు, చాలు. అంతకంటే ముఖ్యం, వాడికి అది ఎందుకు కావాలి? పగ అన్నావు. నన్నడిగితే భయం. ఆ వయసు పిల్లలు చాలామంది ప్రాణభయంతోనే వెంట ఉంచుకుంటారు. భయం రాయడం కష్టం, ఎందుకంటే అందులో డైలాగులుండవు. ఏ వైపు పేవ్‌మెంట్ మీద నడవాలి, స్లోగా వస్తున్న కారు అద్దం దిగితే ఏం చెయ్యాలి, బార్బర్ షాపులో తలుపుకి వీపు పెట్టి కూర్చోవాల్సొస్తే కటింగ్ మానేసి రావడం. వాడి జుట్టు పెరిగిపోతుంటే అమ్మమ్మ విసుక్కుంటుంది, కారణం వాడు చెప్పడు.

అమ్మమ్మని దేవతని చేశావు. ఆవిణ్ణి కొంచెం కిందికి దించు. అంత్యక్రియల ఖర్చుకి ఆవిడ పరుగులు రాయి. 1984లో ఫెడరల్ చట్టం వచ్చాక నేరబాధితులకి పరిహారమిచ్చే రాష్ట్రాల నిధులకి కేంద్రం డబ్బు తోడైంది. కానీ చనిపోయినవాడి నడతలోనే తప్పుందని తేలిస్తే డబ్బు తగ్గించడం, అసలివ్వకపోవడం చాలా రాష్ట్రాల్లో ఉంటూ వచ్చింది. మనవడు మంచివాడని ఆవిడ ఫారం మీద రుజువు చెయ్యాలి. స్పెల్లింగులు రాసిపెట్టేది వీడు. ఆవిడ వీణ్ణి కసురుకోవాలి, తర్వాత కనీసం ఒక్కసారైనా "నువ్వెందుకు వాడితో లేవు?" అని నోరు జారాలి. దాన్ని వెనక్కి తీసుకునే సీన్ పెట్టకు.

అన్నిటికంటే నాకు లోటనిపించింది, వాడు ఎక్కడా పదిహేనేళ్లవాడిలా లేడు. ఆకలెయ్యదా వాడికి? గొంతు మారుతుంది, బూట్లు బిగుతవుతాయి, ఒక అమ్మాయి మెసేజ్‌కి రిప్లై ఇవ్వలేదని రాత్రంతా నిద్రపట్టదు, తెల్లారాక అన్న గుర్తుకొచ్చి రాత్రంతా వాణ్ణి తలుచుకోలేదని సిగ్గుపడతాడు. చావు తర్వాత మొదటిసారి పగలబడి నవ్వింది దేనికి? ఎక్కడో తప్పకుండా నవ్వి ఉంటాడు, వెతుకు. అమ్మమ్మ దగ్గర ఒకలా, టీచర్ దగ్గర ఒకలా, కార్నర్లో మరోలా మాట్లాడాలి వాడు. నువ్వు మూడు చోట్లా సినిమా రౌడీలా మాట్లాడించావు. ఇక రెండేళ్లు గడిచేసరికి ఒక రోజొస్తుంది, ఆ రోజుతో వీడు అన్న బతికినన్ని రోజులు బతికేస్తాడు. మర్నాటి నుంచీ వీడే పెద్దవాడు. లెక్క వేసుకున్నాడో లేదో నాకు తెలీదు గానీ, నీకు తెలియాలి.

నువ్వు అక్కడి లైబ్రరీలో పిల్లలకి లెక్కలు చెప్తున్నానన్నావు. మంచిది, వెళ్తూ ఉండు, కానీ నోట్‌బుక్ ఇంట్లో పెట్టి వెళ్లు. ఆ పిల్లల్లో ఏ ఒక్కడి అన్ననీ ఉన్నదున్నట్టు ఎత్తి నవలలో పెట్టకు. వాళ్లు తెలుగు చదవరు కదా అని నీకు అనిపించొచ్చు. అందుకే చెప్తున్నాను.

చివరి అధ్యాయంలో స్కాలర్‌షిప్ వచ్చింది, గోడ మీద అన్న బొమ్మ వేశారు, వీధంతా చప్పట్లు. తీసెయ్. వాడు పదకొండో తరగతిలో పడ్డాడు, ఆల్జీబ్రా ఇంకా పాస్ అవలేదు, అక్కడ ఆపు.

రాతప్రతి రేపు పోస్టులో వేస్తాను. మార్జిన్ల నిండా గీతలు చూసి కంగారు పడకు. నాలుగో అధ్యాయంలో మాత్రం ఒక్క గీత కూడా ఉండదు. తమ్ముడు అన్న సైకిల్ చెయిన్ ఎక్కించే అధ్యాయం అది, దాన్ని ముట్టుకోకు.

నీ
అన్నయ్య