వీటో ఉండగా ఇరాన్‌పై ఆంక్షలు ఎలా తిరిగొచ్చాయి?

మీ లెక్క తప్పింది ఓటింగ్ దగ్గరే. రష్యా, చైనాలకు వీటో (భద్రతా మండలి తీర్మానాన్ని ఒక్క దేశమే ఆపేయగల హక్కు) ఉన్నా 2025లో ఐరాస ఆంక్షలు ఎలా తిరిగొచ్చాయని అడిగారు కదా, అసలు ‘ఆంక్షలు పెట్టాలా’ అని ఓటే జరగలేదు.

2015 నాటి భద్రతా మండలి 2231వ తీర్మానంలోని స్నాప్‌బ్యాక్ (ఎత్తేసిన ఆంక్షలు తిరిగొచ్చే ఏర్పాటు) ఇలా నడిచింది:

1. ఇరాన్‌తో 2015లో కుదిరిన అణు ఒప్పందంలో (అణు కార్యక్రమానికి పరిమితులు, బదులుగా ఆంక్షల ఎత్తివేత) ఉన్న ఏ దేశమైనా ఇరాన్ మాట తప్పిందని భద్రతా మండలికి తెలిపే వీలుండేది. బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ కలిసి ఆగస్టు 28న తెలిపాయి.

2. అక్కడి నుంచి 30 రోజుల గడువు.

3. అందరూ పొరబడేది ఇక్కడే, నిదానంగా చదవండి. ఓటుకు పెట్టింది ‘ఆంక్షల ఎత్తివేతను కొనసాగిద్దాం’ అనే తీర్మానం. అది నెగ్గకపోతే పాత ఆంక్షలు వాటంతటవే తిరిగొచ్చేలా నిబంధన ఉండేది. అంటే ఇక్కడ ఎవరు వీటో వాడినా అది ఆంక్షలకే మేలు చేసేది! సెప్టెంబర్ 19న కావలసినవి 9 ఓట్లు, పడినవి 4. వీటో దాకా పోనే లేదు.

4. నెలాఖరుకు పాత 6 తీర్మానాలు మళ్లీ అమల్లోకి వచ్చాయి. రష్యా, చైనా, ఇరాన్ దీన్ని ఒప్పుకోవడం లేదు, అది వేరే చర్చ.

2020లో అమెరికా ఇదే ప్రయత్నిస్తే మండలిలో చాలా దేశాలు ఒప్పుకోలేదు. 2018లోనే ఒప్పందం వదిలేసింది కాబట్టి. బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ మాత్రం ఒప్పందం లోపలే ఉండిపోయాయి.