ఉద్దానం నుంచి ఉత్తరాలు: ఇంతమంది వచ్చి టెస్టులు చేశారు, కారణం ఎందుకు తేలలేదు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఉద్దానం వైపు నుంచే ఉన్నాయి, అందుకే మిగతా ప్రశ్నలన్నీ వచ్చే నెలకి జరిపేసి ఈసారి పేజీ మొత్తం దీనికే ఇచ్చేశాం. తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం వారగా ఉన్న ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. కొబ్బరి, జీడితోటలతో పచ్చగా ఉండే ఊళ్లు. 1990ల నుంచి అక్కడ షుగర్ లేని వాళ్లకి, బీపీ లేని వాళ్లకి కూడా కిడ్నీలు పాడైపోతున్నాయి, అదీ పొలం పని చేసుకునే వయసులో. ఉత్తరాలు రాసిన వాళ్ల పేర్లు, ఊళ్లు కావాలనే వేయట్లేదు.

ప్రశ్న: మా నాన్నకి డయాలిసిస్ మొదలై చాన్నాళ్లయింది, బాబాయి కూడా ఇదే జబ్బుతో పోయాడు. చిన్నప్పటి నుంచి చూస్తున్నా, ఎవరెవరో వస్తారు, రక్తం తీసుకుంటారు, బోరు నీళ్లు సీసాల్లో పట్టుకెళ్తారు. ఇప్పటికీ కారణం తెలీదనే అంటారు. నల్గొండలో ఫ్లోరైడ్ అని తేల్చారు కదా, మా దగ్గర ఎందుకు తేల్చలేకపోతున్నారు?

తమ్ముడూ, నీ కోపం న్యాయమైనదే. నల్గొండ సంగతే ముందు చూద్దాం. ఫ్లోరైడ్ మనిషి ఒంటి మీద దాని గుర్తు వదిలేసి పోతుంది, పిల్లల పళ్ల మీద గార మచ్చలు వస్తాయి, ఎముకలు వంగిపోతాయి, నీళ్లలో కొలిస్తే లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటిన చోట ఈ లక్షణాలు ఎక్కువగా కనిపిస్తాయి. అంటే జబ్బు చూసి కారణం చెప్పొచ్చు, కారణం కొలిచి జబ్బు ఊహించొచ్చు. అందుకే 1937 నాటికే అప్పటి మద్రాసు రాష్ట్రంలో, నెల్లూరు జిల్లా ఊళ్లలో డాక్టర్లు దాన్ని పట్టుకుని రాశారు. (కారణం అంత తొందరగా తెలిసినా నల్గొండ పల్లెలకి నది నీళ్లు పైపుల్లో ఇంటింటికీ రావడానికి మిషన్ భగీరథ దాకా ఆగాల్సొచ్చింది, అది ఇంకో బాధ.)

కిడ్నీ అలా గుర్తు వదలదు. ఉద్దానం జబ్బులో పాడయ్యేది ముఖ్యంగా వడపోత గొట్టాలు, వాటి చుట్టూ ఉండే కణజాలం. అది మచ్చ కట్టి ఎండిపోతుంది. ఆ మచ్చని మైక్రోస్కోప్ కింద పెట్టి చూసినా ఇది ఫలానా దాని వల్ల అని రాసి ఉండదు, ఎండదెబ్బ వల్ల అయినా, ఏదో విషం వల్ల అయినా, మాత్రల వల్ల అయినా ఇంచుమించు అలాగే కనిపిస్తుంది. పైగా ఈ రోజు డయాలిసిస్ మీద ఉన్న మీ నాన్నగారి కిడ్నీ దెబ్బతినడం ఎన్నో ఏళ్ల కిందట మొదలై ఉంటుంది, అప్పుడు ఆయన తాగిన బావి పూడ్చేసి ఉంటారు, అప్పటి పురుగుమందు డబ్బా పారేసి ఉంటారు. ఇప్పటి బోరు నీళ్లు పట్టుకెళ్తే అప్పటి సంగతి ఎంతని తెలుస్తుంది?

అనుమానాలు మాత్రం చాలా ఉన్నాయి. భూగర్భ జలంలో సిలికా, లోహాలు, పురుగుమందులు, ఎండలో నీళ్లు లేకుండా గంటల తరబడి పని, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం. ఒక్కోదానికి కొంచెం ఆధారం ఉంది, ఏ ఒక్కటీ మొత్తం కథ చెప్పట్లేదు. నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు కోసే కూలీలకి ఇలాంటి జబ్బే వస్తోంది, అక్కడ ఎండ, శ్రమ మీదే గట్టి అనుమానం, నీడ, విశ్రాంతి, నీళ్లు టైముకి ఇచ్చేలా పని పద్ధతి మార్చిన చెరకు తోటలో కిడ్నీ దెబ్బతినడం తగ్గింది కూడా. మన దగ్గర ఆడవాళ్లలోనూ బాగా కనిపిస్తోంది, పొలం మొహం చూడని ఇళ్లలోనూ ఉంది, కాబట్టి ఎండ ఒక్కటే అని సరిపెట్టుకోలేం. శ్రీలంకలోనూ ఇలాంటి జబ్బే ఉంది, వాళ్లు కలుపుమందు మీద అనుమానంతో 2015లో గ్లైఫోసేట్‌ని నిషేధించారు, గట్టి రుజువు చూపించలేక 2018లో టీ, రబ్బరు తోటలకి మళ్లీ వదిలారు.

నీకు ఇంకో కథ చెప్పాలి, నాకు ధైర్యం ఇచ్చే కథ. యూరప్‌లో డాన్యూబ్ నది, దాని ఉపనదుల పక్కన సెర్బియా, బల్గేరియా, క్రొయేషియా, బోస్నియా, రొమేనియా పల్లెల్లో అచ్చం ఇలాగే, ఒక ఊళ్లో ఇంటికిద్దరు, పక్క ఊళ్లో ఒక్కరు కూడా ఉండరు. 1950ల్లో డాక్టర్లు దాని గురించి రాశారు. నీళ్లన్నారు, లోహాలన్నారు, ధాన్యానికి పట్టే బూజన్నారు, వైరస్ అన్నారు. 1990ల మొదట్లో సంబంధమే లేని చోట, బెల్జియంలో, సన్నబడడానికి ఒక క్లినిక్‌లో చైనా మూలికల మాత్రలు వాడిన ఆడవాళ్లకి కిడ్నీలు పోయాయి, వాళ్ల కిడ్నీ ముక్కలు చూస్తే ఆ డాన్యూబ్ పల్లెల వాళ్ల కిడ్నీల్లాగే ఉన్నాయి! ఆ మాత్రల్లో ఉన్నది అరిస్టోలోకియా అనే జాతి మొక్కల్లో ఉండే విషం, అరిస్టోలోకిక్ ఆమ్లం. ఆ జాతి మొక్కే ఆ పల్లెల గోధుమ చేలల్లో కలుపుగా పెరుగుతుంది, దాని గింజలు గోధుమలతో కలిసి పిండైపోయి రోజూ రొట్టెలోకి వెళ్లాయి. రోగుల కిడ్నీ కణాల డీఎన్‌ఏలో దాని ఆనవాలు దొరికింది 2007లో. యాభై ఏళ్లు పట్టింది, కానీ తేలింది.

ఇక్కడే ఒక హెచ్చరిక. మన దగ్గర ఈశ్వరి అనీ, గాడిదగడప అనీ పిలిచే మొక్కలు ఆ జాతివే. ఉద్దానం జబ్బు వాటి వల్లే అని నేను అనట్లేదు, కానీ ఎవరైనా పాముకాటుకో, కడుపునొప్పికో వాటి వేరు కషాయం పెడితే తాగకండి.

ప్రశ్న: నా వయసు 45. ఊళ్లో క్యాంపు పెడితే చూపించుకున్నాను. యూరిన్‌లో ఏమీ లేదన్నారు, క్రియాటినిన్ 1.3 వచ్చింది, కొంచెమే ఎక్కువ, భయం లేదన్నారు. నిజంగా భయం లేదా అండీ?

అమ్మా, భయపడొద్దు కానీ వదిలేయొద్దు కూడా. రెండు విషయాలు ఉన్నాయి ఇందులో. మొదటిది, షుగర్ వల్ల వచ్చే కిడ్నీ జబ్బులో మామూలుగా మూత్రంలో ప్రోటీన్ ముందే పోతుంది, స్ట్రిప్ ముంచితే రంగు మారుతుంది. ఉద్దానం జబ్బులో చాలామందికి ప్రోటీన్ పోనే పోదు, లేదా చాలా తక్కువ పోతుంది. కాబట్టి యూరిన్ బాగుంది అన్న మాట మీ ప్రాంతంలో సగం మాటే, రక్తంలో క్రియాటినిన్ చూడాల్సిందే.

రెండోది ఆ 1.3. క్రియాటినిన్ అంటే కండ నుంచి వచ్చే వ్యర్థం, కిడ్నీ సరిగ్గా వడపోయకపోతే రక్తంలో పెరుగుతుంది. కానీ ఎవరి కండ ఎంతో దాన్ని బట్టి అది తయారవుతుంది, అందుకని అంకె ఒకటే అయినా మనిషిని బట్టి అర్థం మారిపోతుంది. వయసు, ఆడా మగా చూసి కిడ్నీ ఎంత వడపోస్తోందో లెక్కగట్టే అంకె ఈజీఎఫ్ఆర్, అది తగ్గే కొద్దీ కిడ్నీ పని తగ్గినట్టు. 2021 నాటి ఫార్ములాలో వేస్తే పాతికేళ్ల కుర్రాడికి 1.3 అంటే ఈజీఎఫ్ఆర్ దాదాపు 78 వస్తుంది. మీ వయసు ఆడవాళ్లకి అదే 1.3కి 52 దగ్గర వస్తుంది. 60 కంటే తక్కువ మూడు నెలలకి పైగా ఉంటే దాన్ని కిడ్నీ జబ్బు అనే అంటారు. ఇంకా, బక్కపల్చగా, కండ తక్కువగా ఉండే వాళ్లలో ఈ ఫార్ములా అసలు కంటే ఎక్కువ చూపించే అవకాశం ఉంది. కాబట్టి మూడు నెలలయ్యాక మళ్లీ క్రియాటినిన్ చేయించి, రిపోర్టు మీద ఈజీఎఫ్ఆర్ ఎంతో రాయించుకుని, రెండు కాగితాలూ కిడ్నీ డాక్టరుకి చూపించండి. పాత రిపోర్టు పారేయకండి అమ్మా, ఎంత స్పీడుగా తగ్గుతోందో తెలిసేది దానితోనే.

ఇంకోటి, ఒంట్లో ఏమీ తెలీట్లేదు కదా అని ఆగకండి. కిడ్నీ పని సగం పోయేదాకా చాలామందికి ఏమీ తెలీదు, కాళ్ల వాపు, వాంతులు, ఆయాసం వచ్చేసరికే బాగా ఆలస్యం అయిపోతుంది.

ప్రశ్న: కొబ్బరి దింపుతాను, సాయంత్రానికి ఒళ్లు విరిగిపోతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ చేయించుకుంటే పొద్దున్నే పనికి వెళ్లగలను. తప్పా?

తప్పు అని మీ మీదకి నెట్టను, పనికి వెళ్లకపోతే ఇల్లు గడవదని తెలుసు. కానీ ఆ ఇంజెక్షన్ మామూలుగా డైక్లోఫెనాక్ అయి ఉంటుంది, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా ఆ కోవవే. రోజంతా చెమట కారి ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీ తనకి రక్తం అందేలా ఒక రసాయనం సాయంతో రక్తనాళాలు తెరిచి పెట్టుకుంటుంది, ఈ మందులు సరిగ్గా ఆ రసాయనాన్నే ఆపేస్తాయి. అంటే కిడ్నీకి ఆ సాయం బాగా అవసరమైన సాయంత్రమే మీరు ఆ సూది వేయించుకుంటున్నారు. తప్పనిసరైతే పారాసెటమాల్, అదీ చెప్పిన మోతాదులోనే, కిడ్నీకి దాంతో ప్రమాదం తక్కువ. తోటలోకి నీళ్లు పట్టుకెళ్లండి, మధ్యాహ్నం ఎండ ముదిరినప్పుడు నీడకి రండి. ఇప్పటికే కిడ్నీ జబ్బు ఉండి కాళ్లు వాచిన వాళ్లు మాత్రం నీళ్లు ఎంత తాగాలో డాక్టరుని అడిగే తాగాలి, వాళ్లకి ఎక్కువైనా కష్టమే.

ప్రశ్న: ఇప్పుడు వంశధార నీళ్లు వచ్చాయి కదా, ఇంక జబ్బు పోయినట్టేనా?

హిరమండలం రిజర్వాయర్ నుంచి 700 కోట్ల ఖర్చుతో కట్టిన మంచినీటి పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, రెండూ 2023 డిసెంబరులో మొదలయ్యాయి. చాలా పెద్ద పని, ఇంతకుముందు డయాలిసిస్ అంటే విశాఖ పరిగెత్తాల్సిన రోజులు ఉన్నాయి. పోయినట్టేనా అంటే చెప్పలేం అండీ. నీళ్లే కారణం అయితే, ఇప్పటికే దెబ్బతిన్న కిడ్నీ బాగవదు, కానీ ఈ నీళ్లు తాగి పెరిగిన పిల్లలు పెద్దయ్యాక జబ్బు తగ్గాలి. అది తెలియాలంటే ఇప్పుడు, ఈ సంవత్సరమే, స్కూలు పిల్లలకీ కుర్రవాళ్లకీ క్రియాటినిన్ చూసి రాసిపెట్టుకోవాలి, ఏ ఇంటికి కుళాయి ఎప్పుడొచ్చింది, ఎవరు ఇంకా బోరు నీళ్లే తాగుతున్నారు అన్నది కూడా రాసిపెట్టాలి. లేకపోతే ఇరవై ఏళ్ల తర్వాత జబ్బు తగ్గినా దేనివల్ల తగ్గిందో తెలీదు, తగ్గకపోయినా ఎందుకు తగ్గలేదో తెలీదు. ఈ రాసిపెట్టే పని మీ ఏఎన్ఎంలూ ఆశా వర్కర్లూ చేయగలరు, వాళ్లకి ఆ బాధ్యతా దానికి తగ్గ డబ్బూ ఇవ్వాలి. నన్నడిగితే ఇంకో పెద్ద బిల్డింగ్ కంటే ముందు కావాల్సింది ఇదే.

ప్రశ్న: మళ్లీ సర్వే వాళ్లు వచ్చి రక్తం అడుగుతున్నారు. ఊళ్లో కొందరు ఇవ్వొద్దంటున్నారు. కిడ్నీ ఊరు అని పేరు పడిపోయి పెళ్లి సంబంధాలే రావట్లేదు, ఇంకా టెస్టులు చేయించుకుని ఊరి పేరు పేపర్లో వేయించుకోవాలా అంటున్నారు. ఏం చేయమంటారు?

ఇవ్వండి. కానీ అడిగి ఇవ్వండి.

ఎందుకివ్వాలంటే, 2019లో వచ్చిన స్టడీలో 2,210 మందిని పరీక్షిస్తే 18 శాతం మందికి పైగా కిడ్నీ జబ్బు ఉందని తేలింది, ఆ మరుసటేడు జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ వాళ్లు ఊళ్లు ఎంచి చూసిన దాంట్లో కూడా పెద్దవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఉందని వచ్చింది. అప్పటిదాకా ఉద్దానం అంటే పేపర్లో వచ్చే కన్నీటి వార్తే, ఈ అంకెలు వచ్చాక ఎవరూ కాదనలేని మాట అయింది. ఆ అంకెలు మీ ఊళ్ల వాళ్లు చేతులు చాపి రక్తం ఇస్తేనే వచ్చాయి.

ఏం అడగాలి అంటే, 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నియమాల ప్రకారం పరిశోధన ఎందుకు, రక్తం ఏం చేస్తారు, ఎన్నాళ్లు దాస్తారు అన్నది మీకు అర్థమయ్యే భాషలో చెప్పి, ఆ కాగితం మీకు ఒకటి ఇవ్వాలి. పరిశోధనలో మనుషులకి అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. మధ్యలో ఇష్టం లేకపోతే మానుకోవచ్చు, మానుకున్నందుకు మీకు వైద్యం ఆపకూడదు. మీ పేరు బయటికి రాకూడదు. మీ క్రియాటినిన్ ఎంతో ఎప్పుడిస్తారు, ఎక్కువ వస్తే ఎక్కడికి పంపిస్తారు అన్నది ముందే చెప్పించుకోండి. ఊరి పేరు గురించి కూడా మొహమాటం లేకుండా అడగండి, వాళ్లు రాసే పరిశోధన పేపర్లో ఊరి పేరు బదులు నంబరు వేయొచ్చు, అది వాళ్లకి కష్టమైన పని కాదు. ఇంకోటి, పని అయ్యాక ఫలితాలు పంచాయతీ దగ్గర కూర్చోబెట్టి తెలుగులో చెప్పమని సంతకం పెట్టేటప్పుడే మాట తీసుకోండి. రక్తం ఇచ్చిన మనిషికి ఫలితం చెప్పకుండా వెళ్లిపోవడం నా దృష్టిలో పెద్ద అన్యాయం, అలా ఒకసారి జరిగితే తర్వాత వచ్చే మంచివాళ్లని కూడా ఊరు నమ్మదు.

పెళ్లిళ్ల సంగతికి నా దగ్గర మందు లేదు. ఇది అంటుకునే జబ్బు మాత్రం కాదు, వచ్చే సంబంధం వాళ్లకి ఆ మాట గట్టిగా చెప్పండి.

ప్రశ్న: నేను చిన్నప్పుడే ఉద్దానం వదిలి హైదరాబాద్ వచ్చేశాను, ఇప్పుడు 32. నాకూ టెస్ట్ అవసరమా?

చేయించుకోండి. బాల్యంలోనే దెబ్బ మొదలవుతుందా అన్న అనుమానం పరిశోధకులకి ఉంది, మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే ఇంకా తప్పనిసరి. క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్, బీపీ చూపించుకుంటే చాలు, బాగున్నా ఏడాదికోసారి మళ్లీ చూపించుకోండి. డాక్టరు దగ్గర కూర్చోగానే మాది ఉద్దానం అని చెప్పండి, అది చెప్పకపోతే మీ వయసు చూసి ఆ టెస్టే రాయకపోవచ్చు.