ఎరువు వేస్తే బోన్సాయ్ పెద్దదైపోతుందా?

పాఠకుల ప్రశ్నలు - బోన్సాయ్ పెంపకం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఎరువు గురించే ఉన్నాయి. అందుకని మొదటి జవాబు కాస్త పెద్దదైంది.

ప్రశ్న: నా దగ్గర అయిదేళ్ల ఫైకస్ (మర్రి, రావి జాతి) బోన్సాయ్ ఉంది. ఎరువు వేస్తే చెట్టు పెరిగిపోయి బోన్సాయ్‌లా ఉండదని తెలిసినవాళ్లు చెప్పడంతో రెండేళ్లుగా ఏమీ వేయలేదు. ఇప్పుడు అడుగు ఆకులు పసుపుపచ్చగా మారి రాలిపోతున్నాయి. కొత్త చిగురు కూడా రావడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: మీ చెట్టు ఆకలితో ఉందమ్మా. మీకు ఆ మాట చెప్పినవాళ్ల మీద కోపం తెచ్చుకోకండి. మొదట్లో నేనూ అదే నమ్మాను. నా మొదటి చెట్టు కూడా ఫైకసే. మూడేళ్ల పాటు దానికి నీళ్లు తప్ప ఏమీ ఇవ్వలేదు. చెట్టు చిన్నగానే ఉంది, కాని మాను లావెక్కలేదు. ఒక పెద్ద కొమ్మ కోసిన చోట గాయం మూసుకోలేదు. అక్కడ నీరు నిలిచి లోపలికి కుళ్లింది. ఆ తర్వాత ఎంత బాగా చూసుకున్నా ఆ గుంట అలాగే ఉండిపోయింది. దానికి తిండి పెట్టి ఉంటే రెండేళ్లలో బెరడు కప్పేసి ఉండేదని ఇప్పుడు తెలుసు. అందుకే ఈ ఒక్క విషయంలో ఎవరు అడిగినా వివరంగా చెబుతాను.

బోన్సాయ్‌ని చిన్నగా ఉంచేది కత్తెర. కొస మొగ్గని తుంచితే కింద పక్క మొగ్గలు మేల్కొంటాయి. ఒక కొమ్మ రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. కుండీ మార్చినప్పుడల్లా పాత వేళ్లు తగ్గిస్తే సన్నని పీచువేళ్లు పుడతాయి. ఈ కోతలన్నీ తట్టుకుని మళ్లీ చిగురించడానికి చెట్టుకి బలం కావాలి. పస్తుంచితే ఆ బలం ఎక్కడినుంచి వస్తుంది?

నేలలో ఉన్న చెట్టు వేళ్లు ఆహారం వెతుక్కుంటూ ఎంత దూరమైనా పోతాయి. మన చెట్టుకి ఉన్నదల్లా దోసెడు మట్టి. అది కూడా నీరు త్వరగా దిగిపోవాలని గరుకు గింజలతో కలిపిన మిశ్రమం. పోషకాలు అందులో ఎక్కువసేపు నిలవవు. రోజూ పోసే నీళ్లతో పాటు అడుగు రంధ్రంలోంచి పోతూనే ఉంటాయి.

మీరు అడుగు ఆకులని రాశారు చూశారా, కారణం పట్టుకోవడానికి అది పనికొచ్చే గుర్తు. నత్రజని చాలకపోతే చెట్టు ముదురు ఆకుల్లోంచి దాన్ని లాగి కొత్త చిగుళ్లకి పంపుతుంది. అందుకే ముందు ముదురు ఆకులు పాలిపోతాయి. ఇనుము చాలకపోతే దీనికి భిన్నంగా లేత ఆకులు పసుపుగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా కనిపిస్తాయి.

కాని వేళ్లు కుళ్లినా ఆకులు పసుపు రంగుకి తిరుగుతాయి. కాబట్టి ఎరువు ముట్టుకునే ముందు చెట్టుని మట్టి గడ్డతో సహా కుండీలోంచి నెమ్మదిగా పైకెత్తి చూడండి. ఒక సన్నని వేరుని రెండు వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా లాగండి. గట్టిగా ఉండి, కొస తెల్లగా కనిపిస్తే బాగున్నట్టే. పైతొక్క గొట్టంలా ఊడి చేతిలోకి వచ్చేసి లోపల నల్లని దారం మిగిలితే అది కుళ్లిన వేరు. అలాంటివి ఎక్కువగా ఉంటే ఎరువు వద్దు. కుళ్లినవి కత్తిరించి, నీరు బాగా దిగే మట్టిలోకి మార్చి, చెట్టు కోలుకుని చిగురు వేసేదాకా ఆగండి.

వేళ్లు బాగుంటే ఈ వారమే మొదలుపెట్టండి. నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 20-20-20 లాంటి నీటిలో కరిగే ఎరువుని లీటరుకి ఒక గ్రాము చొప్పున కలిపి, చెట్టు పెరిగే కాలంలో పదిహేను రోజులకోసారి పోయండి. ముందు మామూలు నీళ్లతో మట్టి తడపడం మరిచిపోవద్దు. పొడి మట్టిలో ఎరువు నీళ్లు పోస్తే ఉప్పు గాఢత పెరిగి, వేళ్లలో ఉన్న నీటినే బయటికి లాగేస్తుంది. ఆకు అంచులు కాలినట్టు గోధుమ రంగులోకి మారేది అందుకే. రెండేళ్ల లోటుని ఒకేసారి తీర్చేద్దామని మోతాదు పెంచకండి. కుండీ అంచున తెల్లగా పొర కట్టడం మొదలైతే ఉప్పు పేరుకున్నట్టు. మంచినీళ్లు ధారాళంగా పోసి కడిగేయండి.

ఎరువు వేస్తే ఆకులు పెద్దవవుతాయన్న భయంలో కొంత నిజం లేకపోలేదు. పూర్తిగా తీర్చిదిద్దిన చెట్టుకి, ముఖ్యంగా ఆకురాల్చే జాతులకి, తొలి చిగురు వచ్చేటప్పుడు బాగా తినిపిస్తే ఆకులు పెద్దవై, కణుపుల మధ్య దూరం పెరుగుతుంది. అలాంటి చెట్లకి తొలి ఆకులు ముదిరాక ఎరువు మొదలుపెడతారు. మీ చెట్టు ఇంకా మాను కట్టుకునే వయసులోనే ఉంది. దానికి ఆ నియమం వర్తించదు.

ప్రశ్న: నేను ఎరువుగా గానుగ పిండి (గింజల్లోంచి నూనె తీశాక మిగిలే పిండి) వాడుతున్నాను. ఈగలు, పురుగులు వస్తున్నాయి. మానేసి రసాయన ఎరువుకి మారాలా?

జవాబు: మానేయనక్కర్లేదు. జపాన్‌లో కూడా ఆవజాతి గింజల నూనె తీసిన పిండితో చేసిన ఉండలే బోన్సాయ్‌కి ఎక్కువగా వాడుతూ వచ్చారు. నీళ్లు పోసినప్పుడల్లా కొంచెం కొంచెంగా కరుగుతుంది కాబట్టి వేళ్లు కాలే ప్రమాదం తక్కువ. పచ్చి పిండిని మట్టి మీద చల్లితేనే ఈగల బాధ, పైగా అది మెత్తగా పేరుకుని నీరు దిగకుండా అడ్డుపడుతుంది. చిన్న వల సంచుల్లో కట్టి, మానుకి దూరంగా కుండీ మూలల్లో పెట్టండి. నెలా నెలన్నరకి తీసేసి కొత్తవి మార్చండి. చెట్టు ఇంట్లోనే ఉంటుందంటే మాత్రం ద్రవ ఎరువే మేలు, వాసన భరించలేరు.

ప్రశ్న: కొమ్మ వంచడానికి చుట్టిన అల్యూమినియం తీగ బెరడులోకి దిగిపోయింది. విప్పబోతే బెరడు లేస్తోంది.

జవాబు: విప్పకండి. చుట్టు చుట్టుకీ తీగని కట్టర్‌తో తుంచి ముక్కలుగా తీసేయండి. లోతుగా కూరుకుపోయిన ముక్క ఏదైనా ఉంటే పీకకుండా వదిలేయండి. బాగా పెరిగే జాతుల్లో మచ్చ కొన్నేళ్లకి తగ్గుతుంది. ఇకముందు చిగురు జోరుగా వచ్చే రోజుల్లో వారానికోసారి తీగ కింద చూడటం అలవాటు చేసుకోండి. ఎరువు తినే చెట్టుకి తీగ ఇంకా త్వరగా దిగుతుంది.

ప్రశ్న: అంత పెద్ద చెట్టుని కుండీలో బంధించడం హింస కాదా? మా అమ్మాయి అడిగింది, నాకు జవాబు తోచలేదు.

జవాబు: పాపకి ఒక చెట్టు కథ చెప్పండి. అది తెల్ల పైన్ జాతి చెట్టు, 1625 నుంచి కుండీలో పెరుగుతోంది. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద అణుబాంబు పడినప్పుడు అక్కడికి సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో యమాకి కుటుంబం నర్సరీలో, గోడ పక్కన ఉంది. బతికి బయటపడింది. 1976లో మసారు యమాకి దాన్ని అమెరికాకి బహుమతిగా ఇచ్చారు. బాంబు సంగతి 2001లో ఆయన మనవళ్లు వాషింగ్టన్‌కి వెళ్లి చెప్పేదాకా అక్కడివాళ్లకి తెలియదు. ఇన్ని తరాల మనుషులు రోజూ నీళ్లు పోస్తేనే కదా అది బతికింది! ఆకలితో మాడ్చి, తీగతో కోసి, చీకటి మూలన పెడితే అది హింసే, నేనూ ఒప్పుకుంటాను. చెట్టు ఏటా చిగురేస్తోందా లేదా అన్నది పాపనే చూడమనండి.

ప్రశ్న: ఇంట్లో ఒక వేడుక ఉంది. నా జూనిపర్ బోన్సాయ్‌ని హాల్లో అందరికీ కనిపించేలా పెట్టాలనుకుంటున్నాను. ఎలా అలంకరించాలి?

జవాబు: అలంకరణ ఎంత తగ్గిస్తే అంత బాగుంటుంది. జపాన్ ఇళ్లలో బోన్సాయ్‌ని తోకోనోమా అనే గూటిలో పెడతారు. వెనక ఒక వేలాడే చిత్రం, కింద బల్ల, పక్కన చిన్న గడ్డి మొక్క, అంతే. మీ హాల్లో రంగులు, బొమ్మలు లేని గోడ ఒకటి చూసుకోండి. కుండీ కంటే కాస్త వెడల్పైన బల్ల వేసి, కూర్చున్నవారి కళ్లు మాను మధ్యభాగానికి ఎదురుగా ఉండే ఎత్తులో పెట్టండి. నిలబడి పైనుంచి చూస్తే ఏ చెట్టయినా పొదలాగే కనిపిస్తుంది. మొదలు దగ్గర వేళ్లు బాగా పరుచుకుని కనిపించే వైపు ముందుకి రావాలి. కొస కొద్దిగా చూసేవారి వైపు వాలి ఉండాలి. చెట్టు ఒక పక్కకి ఒరిగి ఉంటే ఆ పక్కనే ఎక్కువ ఖాళీ వదలండి, చిన్న మొక్క పెట్టేది అక్కడే.

ముందురోజు ఎరువు ఉండలు, సంచులు తీసేయండి. తడిగుడ్డతో కుండీ తుడవండి. మట్టి మీద పలచగా నాచు పరిస్తే చూపు చెట్టు మీదికే పోతుంది. గులకరాళ్లు జిగురుతో అంటించి అమ్మిన కుండీ అయితే ఆ రాళ్లు పూర్తిగా తీసేయాలి. వాటి కింద మట్టి తడిగా ఉందో పొడిగా ఉందో తెలియదు. జూనిపర్‌తో మరీ ప్రమాదం, చచ్చిపోయాక కూడా వారాల తరబడి పచ్చగానే కనిపిస్తుంది.

ఏసీ గాలి తగిలే చోట పెట్టొద్దు. రెండు రోజులకి మించి లోపల ఉంచకండి. జూనిపర్‌కి ఎండ, గాలి కావాలి. మూడో రోజు ఉదయం బయటికి తీసుకెళ్లి, నాచు తీసేసి, అడుగు రంధ్రంలోంచి కారేదాకా నీళ్లు పోయండి. ఎరువు సంచులు మళ్లీ పెట్టడానికి ఇంకో వారం ఆగొచ్చు.