ముల్లా, రాయా?

ప్రశ్న: మా అమ్మాయి మౌంటెన్ బైక్ పోటీలకు సాధన చేస్తోంది. బరువు 50 కిలోలు. ఉదయగిరి కొండదారిలో ఊరికే పంక్చర్లు. రోడ్డు సైక్లింగ్ కూడా చేస్తోంది, అది మానిపించాలా?
– ఒక తల్లి, ఉదయగిరి

జవాబు: మానిపించకండమ్మా. ఫ్రాన్స్ సైక్లిస్ట్ పోలీన్ ఫెరాన్-ప్రెవో 2014లో రోడ్డు, 2015లో సైక్లోక్రాస్ (బురద, గడ్డి దారుల్లో సాగే పందెం), మౌంటెన్ బైక్ ప్రపంచ టైటిళ్లు గెలిచారు. మౌంటెన్ బైక్ ఒలింపిక్ స్వర్ణం 2024లో, 32 ఏళ్లకు వచ్చింది. తొందరేం లేదు.

ఇక పంక్చర్లు. ట్యూబు తీసి చూడండి. పక్కపక్కనే రెండు చీలికలుంటే గాలి తక్కువై, రాయికీ రిమ్ముకీ మధ్య నలిగినట్టే. 2.25 అంగుళాల టైరుకు ముందు 24, వెనక 27 పీఎస్ఐతో మొదలుపెట్టండి. ఒకటే సన్న చిల్లి అయితే సర్కారు తుమ్మ ముల్లు. టైరు లోపలంతా గుడ్డతో తుడవండి, విరిగిన మొన గుడ్డకు తగులుకుంటుంది. అది ఉండిపోతే కొత్త ట్యూబూ పోతుంది. ట్యూబ్‌లెస్ మేలు: చక్రానికి 100 మి.లీ. సీలెంట్ (చిల్లులు పూడ్చే ద్రవం). మన ఎండలకు త్వరగా ఎండిపోతుంది, రెండు నెలలకోసారి చూసి నింపించండి.