కొత్త జీపీఎస్ కొన్న చిన్నీకి బాబాయ్ రాసేది

చిన్నీ,

కారులో పెట్టుకునే నావిగేషన్ డివైస్ కొన్నావని, రోజూ ఆఫీసుకి వెళ్ళడానికీ ఎప్పుడైనా దూరం వెళ్ళడానికీ అదే వాడదామనుకుంటున్నావని చెప్పావు కదా, చాలా సంతోషం. ఫోన్లో చెప్తే అన్నీ ఒక్కసారి గుర్తుండవు, రాసిపెడితే కావాల్సినప్పుడు మళ్ళీ చూసుకుంటావని తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

ముందు అసలు సంగతి చెప్పేస్తాను, మిగతావన్నీ దీని వెనకాలే వస్తాయి. ఆ డివైస్‌తో నీకున్న పనంతా బండి కదలకముందే అయిపోవాలి. అడ్రస్ కొట్టడం, రూట్ చూసుకోవడం, వాల్యూమ్ పెంచుకోవడం అన్నీ పార్కింగ్‌లో ఉండగానే చేసెయ్. బండి కదిలాక చెప్పడం దాని పని, వినడం నీ పని. గంటకి 100 కిలోమీటర్ల స్పీడ్‌లో వెళ్తూ రెండు సెకన్లు స్క్రీన్ వైపు చూశావంటే ఆ కాస్త టైమ్‌లో 55 మీటర్లు రోడ్డు చూడకుండా వెళ్ళిపోయినట్టే, అంత దూరంలో ఏమైనా జరగొచ్చమ్మా. దారిలో ఏదైనా మార్చాలంటే పక్కన కూర్చున్నవాళ్ళకి ఇచ్చి మార్చమను, ఎవరూ లేకపోతే ఎక్కడైనా సేఫ్‌గా ఆపుకుని మార్చుకో. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను మొహమాటపడను, ఎన్నిసార్లైనా చెప్తా.

ఇక దాన్ని ఎక్కడ బిగించాలి అన్నది. సక్షన్ కప్ ముందు అద్దానికి అంటిస్తావు కదా, ముందు అద్దం శుభ్రంగా తుడిచి, కప్పు అంచు కూడా తడిగుడ్డతో తుడిచి, రెండూ ఆరాక గట్టిగా నొక్కి లాక్ తిప్పు. చలికి అద్దం చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా పట్టదు, కాసేపు లోపల వేడి పెట్టాక అంటించు. అద్దం మధ్యలో కళ్ళకి ఎదురుగా పెట్టేవాళ్ళని చూస్తుంటా, అది ఎంత చిన్నదైనా దాని వెనక ఒక నడిచే మనిషో సైకిలో కనపడకుండా పోతుంది. కింద మూలకి పెట్టుకో, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే చోట మాత్రం వద్దు. దీనికి ఒక్కో చోట ఒక్కో రూల్ ఉంటుంది, కాలిఫోర్నియాలో అయితే డ్రైవర్‌కి దూరంగా ఉన్న కింది మూలలో 7 అంగుళాల చదరంలో గానీ డ్రైవర్ వైపు కింది మూలలో 5 అంగుళాల చదరంలో గానీ పెట్టాలని చట్టంలోనే రాసిపెట్టారు, కాబట్టి వేరే చోటికి వెళ్ళి అద్దె కారు నడిపేటప్పుడు అక్కడి రూల్ ఏంటో ముందే కనుక్కో. ఇంకోటి, కొన్ని కార్ల అద్దాలకి ఎండ వేడి రాకుండా సన్నటి లోహపు పూత ఉంటుంది, అది శాటిలైట్ సిగ్నల్‌ని కూడా అడ్డుకుంటుంది. అన్నీ బాగానే ఉన్నా సిగ్నల్ రావట్లేదంటే దాన్ని అనుమానించు, అలాంటి అద్దాల్లో పైన మిర్రర్ దగ్గర సాధారణంగా పూత లేని కాస్త జాగా వదిలేస్తారు.

చార్జర్ విషయంలో చాలామంది తికమకపడతారు. లోపలి బ్యాటరీ ఏదో కాసేపటికే, అసలు పవర్ కారు సాకెట్ నుంచే రావాలి. డబ్బాతో వచ్చిన కేబులే వాడు. కొన్ని మోడల్స్‌లో ట్రాఫిక్ సమాచారం పట్టుకునే రిసీవర్ ఆ కేబుల్‌లోనే ఉంటుంది, ఏదో ఒక కేబుల్ పెట్టావంటే చార్జింగ్ అవుతుంది కానీ ట్రాఫిక్ మాత్రం రాదు, డివైస్ పాడైందని నువ్వు కంగారుపడతావు. ఇంకొన్నింటికి మామూలు యూఎస్‌బీ కేబుల్ పెడితే కంప్యూటర్‌కి కనెక్ట్ అయ్యాననుకుని మ్యాప్ చూపించడమే మానేస్తాయి.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు మాత్రం ఓపిక పట్టు. ఆకాశం బాగా కనపడే చోట బండి ఆపి ఆన్ చేసి వదిలెయ్, కదలకు. ఎందుకో చెప్తా విను. జీపీఎస్ శాటిలైట్లు మన మీద దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ ఇప్పుడు టైమ్ ఇంత, నేను ఇక్కడున్నా అని అదేపనిగా చెప్తుంటాయి, ఆ సిగ్నల్ రావడానికి పట్టిన టైమ్‌ని బట్టి దూరం లెక్కేసి నీ డివైస్ తనెక్కడుందో తేల్చుకుంటుంది. దానికి కనీసం నాలుగు శాటిలైట్లు కావాలి. చోటు తేల్చడానికి మూడు చాలు కానీ డివైస్‌లో ఉండే గడియారం అంత కచ్చితమైంది కాదు కాబట్టి దాని తేడా సరిచేసుకోడానికి నాలుగోది. సెకనులో పది లక్షో వంతు తేడా వచ్చినా 300 మీటర్లు పక్కకి పోతుంది మరి. ఒక్కో శాటిలైట్ తను కచ్చితంగా ఎక్కడుందో 30 సెకన్లకోసారి పంపుతుంది, శాటిలైట్లన్నీ ఉజ్జాయింపుగా ఎక్కడెక్కడ ఉంటాయో చెప్పే జాబితా మొత్తం రావాలంటే పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. అందుకే కొత్తగా కొన్నప్పుడో, నెలల తరబడి వాడకుండా పడేసినప్పుడో, విమానంలో వేరే దేశం తీసుకెళ్ళినప్పుడో లేటవుతుంది. రోజూ వాడేటప్పుడు ఈ బాధ ఉండదు.

సెల్లార్ పార్కింగ్‌లోంచి బయటికి రాగానే అది ఎటో చూపిస్తే ఖంగారు పడకు. బండి ఆగి ఉన్నప్పుడు నువ్వు ఎటు తిరిగి ఉన్నావో దానికి తెలీదు, కొన్ని మీటర్లు కదిలాకే దిశ పట్టుకుంటుంది. గేటు దాటగానే కుడికా ఎడమకా అన్నది మాత్రం నువ్వే ముందు మ్యాప్‌లో చూసి పెట్టుకో.

అలాగే పక్కపక్కనే రెండు రోడ్లుంటే, అంటే పైన ఫ్లైఓవర్ కింద సర్వీస్ రోడ్ అనుకో, అక్కడ దాని మాట పూర్తిగా నమ్మకు. ఆకాశం బాగా కనపడే చోట మామూలు డివైస్‌కి అటూఇటూ 5 మీటర్ల తేడా సహజం, ఎత్తు విషయంలో ఇంకా ఎక్కువ ఉంటుంది, కాబట్టి నువ్వు పైన ఉన్నావో కింద ఉన్నావో అది ఊహించి చెప్పేస్తుంది. ఎత్తైన బిల్డింగుల మధ్య సిగ్నల్ గోడలకి కొట్టుకుని ఆలస్యంగా వస్తుంది, అప్పుడు నీ కారు బొమ్మ పక్క వీధిలోకి గెంతుతుంది. ఇలాంటి చోట్లన్నీ బోర్డు చూసి వెళ్ళాలి. బోర్డుకీ డివైస్‌కీ మాట కలవకపోతే బోర్డుదే ఫైనల్. ఒకప్పుడైతే అమెరికా వాళ్ళు మామూలు జనం వాడే సిగ్నల్‌ని కావాలనే చెడగొట్టి పంపేవాళ్ళు, 100 మీటర్ల దాకా తేడా వచ్చేది, 2000 మే 2 నుంచి అది ఆపేశారు కాబట్టే ఇవాళ ఇది కారుల్లోకి ఇంతగా వచ్చింది.

సిగ్నల్ ఎంత బాగున్నా లోపలి మ్యాప్ పాతదైతే ఏం లాభం చెప్పు. మ్యాప్ తయారు చేసిన రోజున రోడ్డు ఎలా ఉందో అదే దానికి తెలుసు, నిన్న వన్ వే చేసిన వీధి దానికి ఇంకా రెండు వైపులా వెళ్ళే వీధే. స్పీడ్ లిమిట్ చూపిస్తుంది కదా, అదీ అంతే, రోడ్డు పక్కన పాతిన గుర్తే అసలుది. ఏడాదికి రెండు మూడు సార్లైనా, దూరం వెళ్ళే ముందైతే తప్పకుండా, అప్‌డేట్ చెయ్యి. అదేమో చాలా టైమ్ తీసుకుంటుంది, మధ్యలో కేబుల్ పీకావంటే డివైస్ మళ్ళీ ఆన్ కాకుండా మొరాయించొచ్చు, అందుకని రాత్రిపూట పెట్టి వదిలెయ్యడం మంచిది. లోపల జాగా చాలకపోతే నీకు అక్కర్లేని ప్రాంతాల మ్యాపులు తీసెయ్, మెమరీ కార్డ్ పెట్టే వీలుంటే అది వేసుకో. నీ ఫ్రెండ్ ఎవరో పాతది కొంటానన్నారన్నావు, వాళ్ళకి ఈ మాట చెప్పు. జీపీఎస్‌లో వారాల లెక్క 1024కి చేరగానే మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది, 2019 ఏప్రిల్ 6న అలా తిరిగింది, అప్‌డేట్ అందని పాత డివైస్‌లు కొన్ని ఆ తర్వాత తేదీ తప్పు చూపిస్తున్నాయి. కొనేముందు బయట ఆన్ చేసి తేదీ సరిగ్గా ఉందో లేదో, ఆ మోడల్‌కి ఇంకా మ్యాపులు ఇస్తున్నారో లేదో చూడమను.

అడ్రస్ కొట్టేటప్పుడు తొందరపడకు, ఎక్కువ మంది దారి తప్పేది ఇక్కడే. 2009లో ఒక స్వీడన్ జంట ఇటలీలో కాప్రి వెళ్దామని బయల్దేరి, అక్షరాలు అటూఇటూ అయ్యి, ఎక్కడో ఉత్తరాన ఉన్న కార్పి చేరారు. కాప్రి ఒక దీవి, కారులో బ్రిడ్జి దాటి వెళ్ళేది కాదు, అయినా ఆ డివైస్ చెప్పింది చెప్పినట్టు చేసుకుంటూ పోయారు. అందుకని ఒక అలవాటు చేసుకో, రూట్ రాగానే గో నొక్కకుండా మొత్తం దూరం, పట్టే టైమ్ చూడు, తర్వాత జూమ్ తగ్గించి దారి మొత్తం ఒకసారి చూడు, నువ్వు అనుకున్న వైపే వెళ్తోందా, మధ్యలో నీకు తెలిసిన పెద్ద ఊళ్ళు తగులుతున్నాయా అని. పది సెకన్ల పని ఇది. ఎవరైనా అక్షాంశ రేఖాంశాలు పంపితే అవి ఏ పద్ధతిలో ఉన్నాయో చూసుకో, డిగ్రీలు నిమిషాల్లో 30 నిమిషాలంటే అర డిగ్రీ, అంటే దశాంశంలో 0.5 అన్నమాట, నువ్వు 0.30 అని కొట్టావంటే ఉత్తర దక్షిణాల్లో 22 కిలోమీటర్లు తేడా వచ్చేస్తుంది. పెద్ద హాస్పిటల్, ఎయిర్‌పోర్ట్ లాంటివైతే పేరు కొడితే సరిపోదు, ఏ గేటో చూసి పెట్టు, లేకపోతే వెనక గోడ దగ్గరికి తీసుకెళ్ళి గమ్యం చేరుకున్నారు అంటుంది. ఒకసారి సరైన గేటు దగ్గర బండి ఆపాక అక్కడే ఆ చోటుని ఫేవరెట్స్‌లో సేవ్ చేసుకో.

సెట్టింగ్స్‌లో ఎక్కువ తిప్పొద్దు కానీ రెండు మూడు చూడాలి. షార్టెస్ట్ అని ఉంటుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది, నాలుగు మీటర్లు తగ్గుతుందని సందుల్లోంచీ పొలాల గట్ల పక్క నుంచీ తిప్పుతుంది, కాబట్టి ఫాస్టెస్ట్ మీదే ఉంచు. మట్టి రోడ్లు వద్దు అనే ఆప్షన్ ఆన్ చేసి పెట్టుకో, ఇది చిన్న విషయం అనుకోకు. అమెరికాలో డెత్ వ్యాలీ అని విపరీతమైన వేడి ఉండే ఎడారి పార్క్ ఉంది, అక్కడ డివైస్ చూపించిందని ఎవరూ తిరగని పాత దారుల్లోకి వెళ్ళి జనం ఇరుక్కున్నారు, ప్రాణాలు కూడా పోయాయి, జీపీఎస్ చావులు అని అక్కడి రేంజర్లే అనడం మొదలుపెట్టారు. దారి ఇరుకైపోతూ, తారు పోయి మట్టి వచ్చి, ఎదురుగా బండి అన్నదే రావట్లేదంటే ఇంకొంచెం చూద్దాం అనుకోకు, తిప్పుకోడానికి జాగా ఉన్నప్పుడే వెనక్కి వచ్చెయ్. టోల్, ఫెర్రీ లాంటివి నీ ఇష్టం, ట్రిప్‌ని బట్టి మార్చుకో.

వాయిస్‌లో వీధుల పేర్లు కూడా చదివే గొంతు ఉంటే అది ఎంచుకో, కుడికి తిరగండి అనే దానికంటే ఫలానా రోడ్డులోకి తిరగండి అంటే తల తిప్పి స్క్రీన్ చూడాల్సిన అవసరం బాగా తగ్గుతుంది. రౌండబౌట్‌లో మూడో ఎగ్జిట్ అందంటే నువ్వు దాటే ప్రతి ఎగ్జిట్‌నీ లెక్కపెట్టుకుంటూ వెళ్ళు, చిన్నదే కదా అని ఏదీ వదలకు. టర్న్ మిస్ అయ్యావనుకో, అవనీ. అక్కడికక్కడ బ్రేక్ వెయ్యడం, లేన్లు కోసెయ్యడం, రివర్స్ తీసుకోవడం ఏవీ వద్దు, నేరుగా వెళ్ళిపో, అదే కొత్త దారి వెతుకుతుంది, మహా అయితే రెండు నిమిషాలు పోతాయి. టన్నెల్‌లో సిగ్నల్ పోతుంది, కాసేపు పాత స్పీడ్‌ని బట్టి అంచనాగా నడిపిస్తుంది, లోపలే ఎగ్జిట్లు ఉంటాయని తెలిస్తే ముందే చూసి గుర్తుపెట్టుకో.

కారు మీటర్‌లో స్పీడ్ కంటే డివైస్‌లో కొంచెం తక్కువ కనపడుతుంది, రెండూ బాగానే ఉన్నట్టే. కారు మీటర్లు అసలు కంటే తక్కువ చూపించకూడదని చాలా దేశాల్లో రూల్ ఉంది కాబట్టి కంపెనీలు కాస్త ఎక్కువే చూపించేలా పెడతాయి. స్పీడ్ కెమెరాల అలర్ట్ మాత్రం దేశం మారినప్పుడు చూసుకో, జర్మనీలో, స్విట్జర్లాండ్‌లో బండి నడుపుతూ అది వాడటం చట్టవిరుద్ధం, ఆ దేశాల్లోకి అడుగుపెట్టే ముందే ఆ కెమెరాల సమాచారం డివైస్‌లోంచి తీసెయ్.

బండి పార్క్ చేసి వెళ్ళేటప్పుడు డివైస్‌ని వెంట తీసుకెళ్ళు, ఎండలో అద్దం వెనక వదిలేస్తే లిథియం బ్యాటరీ త్వరగా పాడవుతుంది, పైగా దొంగలకి పిలిచి చూపించినట్టు ఉంటుంది. మౌంట్ కూడా తీసెయ్, అద్దం మీద కప్పు వదిలిన గుండ్రటి మరక చూసినా డివైస్ డాష్‌బోర్డ్ డబ్బాలో ఉందని వాళ్ళకి అర్థమైపోతుంది, దాన్నీ ఓసారి తుడుచుకో. హోమ్ అని ఉన్నచోట మీ ఇంటి నంబర్ పెట్టకు, దగ్గర్లో ఏదైనా జంక్షన్ పెట్టు, పిన్ లాక్ ఉంటే అదీ పెట్టు. ఎప్పుడైనా అమ్మేస్తే ముందు రీసెట్ చేసి నువ్వు తిరిగిన చోట్లన్నీ తుడిచెయ్.

దూరం వెళ్ళేటప్పుడు ఒక కాగితం మీద దారిలో వచ్చే పెద్ద ఊళ్ళ పేర్లు, హైవే నంబర్లు రాసి పెట్టుకో, డివైస్ ఆగిపోయినా బోర్డులు చూసుకుంటూ వెళ్ళిపోతావు.

డివైస్ వెనకాల స్టిక్కర్ మీద మోడల్ నంబర్ ఉంటుంది, ఫొటో తీసి పంపు, నేను చెప్పిన సెట్టింగ్స్ అందులో ఏ మెనూలో ఉంటాయో చూసి చెప్తా. ఈలోగా ఇవాళ రాత్రే అప్‌డేట్ పెట్టి పడుకో, పొద్దున్న నీకు తెలిసిన ఆఫీసు దారిలోనే ఆన్ చేసి వెళ్ళు, అది ఎంత ముందుగా చెప్తుంది, ఎక్కడ తడబడుతుంది అన్నది తెలిసిన దారిలోనే బాగా తెలుస్తుంది.

బాబాయ్