సందేహాలు – సమాధానాలు: సనాభియా, ఏకనాభియా?

సందేహం: యంత్ర భాగాల నునుపును పరీక్షించే విభాగంలో పనిచేస్తున్నాను. మా దగ్గరున్న కాన్‌ఫోకల్ మైక్రోస్కోప్ గురించి కొత్తగా చేరేవారి కోసం తెలుగులో ఒక చిన్న పుస్తకం రాస్తున్నాం. సరేఖీయం, సతలీయం లాగా దీన్ని ‘సనాభి సూక్ష్మదర్శిని’ అనవచ్చా? ‘సహనాభి’ మేలా? ‘ఉపరితల కరుకుదనం’ సరైన మాటేనా? ‘ఈ పరికరం చేత ఉపరితలం యొక్క త్రిమితీయ మాపనం త్వరితగతిన చేయబడుతుంది’ అన్న మా వాక్యాన్ని కూడా సరిచూడండి.

సమాధానం: మీరు పట్టుకున్న పోలిక చక్కనిది. ఒకే రేఖ మీదివి సరేఖీయాలు, ఒకే తలంలోనివి సతలీయాలు అయినప్పుడు ఒకే నాభి (వెలుగు వచ్చి కలిసే చుక్క, ఫోకస్) గలది సనాభి ఎందుకు కాకూడదు? వ్యాకరణం అడ్డు చెప్పదు. అయితే ఆ మాట ఇప్పటికే మరో అర్థంలో స్థిరపడింది. ‘సపిండాస్తు సనాభయః’ అంటుంది అమరకోశం. ఒకే బొడ్డుతాడు బంధం గలవారు, అంటే రక్తసంబంధీకులు సనాభులు. జ్ఞాతులకు చెల్లిన పేరును పరికరానికి పెడితే సంస్కృతం తెలిసిన చదువరి తికమకపడతాడు. ఇక ‘సహ’ చేరితే సహాధ్యాయి, సహోద్యోగి అన్నట్టు తోడుగా ఉండటమనే భావం ముందుకొస్తుంది. ఇక్కడ కావలసింది తోడు కాదు, ఒక్కటే కావడం.

ఆ ‘ఒక్కటే’ ఏమిటో చూస్తే పేరు దానంతట అదే తేలుతుంది. దీపం వెలుగు సన్నని రంధ్రం గుండా వచ్చి, కటకం దాటి, వస్తువు మీద ఒక చుక్కగా పడుతుంది. అక్కడి నుంచి తిరిగొచ్చే వెలుగు ఇంకో సన్నని రంధ్రాన్ని దాటితేనే గ్రాహకాన్ని చేరుతుంది. వెలుగు వేసే దారికీ చూసే దారికీ నాభి ఒకటే. ఆ చుక్కకు పైనో కిందో ఉన్న చోటు నుంచి వచ్చే వెలుగు రెండో రంధ్రం దగ్గర పలచగా పరుచుకుని, చాలావరకు ఆగిపోతుంది. అమెరికా శాస్త్రవేత్త మార్విన్ మిన్‌స్కీ 1957లో పేటెంట్‌కు దరఖాస్తు చేసి 1961లో పొందిన ఉపాయం ఇదే.

అందుకే నా ఓటు ‘ఏకనాభి’కి. ఏకకేంద్ర వృత్తాలు బడి పుస్తకాల్లోనే ఉన్నాయి. ‘ఏక అంటే ఒకటి కదా, ఒకే ఒక్క నాభి ఉందని అనుకోరా?’ అని మీరు అడగవచ్చు. ఏకోదరులు అంటే ఒక్క కడుపే ఉన్నవాళ్లని ఎవరూ అనుకోరు, ఒకే కడుపున పుట్టినవాళ్లనే అనుకుంటారు. మీ పరికరం విషయంలో ఈ తేడా ముఖ్యం. మిన్‌స్కీది చుక్క తర్వాత చుక్కను చూసే పద్ధతి, నిదానమైనది. 1960లలో చెకోస్లోవేకియాలో శాస్త్రవేత్త పెత్రాన్ బృందం, జర్మనీకి చెందిన నిప్కో 1884లో కనిపెట్టిన రంధ్రాల పళ్లేన్ని సూక్ష్మదర్శినిలో తిప్పింది. దాంతో ఒకేసారి ఎన్నో చుక్కలను చూడటం కుదిరింది. ఒక్కో ఎత్తు దగ్గర ఒక్కో బొమ్మ తీసుకుంటూ పోయి, ఏ చుక్క ఏ ఎత్తులో అన్నిటికన్నా కాంతిమంతంగా మెరిసిందో గుర్తిస్తే అదే ఆ చోటి ఎత్తు. వేగమంతా ఒకేసారి ఎన్నో చుక్కలను చూడటంలోనే ఉంది. చుక్కలు ఎన్ని ఉన్నా, ప్రతి చుక్క దగ్గరా రెండు దారుల నాభి ఒకటే, కాబట్టి పేరు చెదరదు.

తెల్లని కాంతి పట్టీలతో ఎత్తు కొలిచే పద్ధతి కూడా మీ పుస్తకంలోకి వస్తే, పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిన ‘వ్యతికరణం’ ఉండనే ఉంది, దాన్ని కదపవద్దు. ఎత్తులో నానోమీటరు కంటే చిన్న తేడాను కూడా పట్టే పద్ధతి అది.

కరుకుదనం తప్పు కాదు. కానీ ఈ రోజు కరుకు మాట, కరుకు మనిషి అంటాం, చేతికి తగిలేదాన్ని గరుకు అంటాం. మీకు కావలసింది గరుకుదనం. పనిగట్టుకుని చేసిన గరుకుకు మన ఇళ్లలో వేరే పేరుంది. వీధుల్లో ‘రోళ్లకు కక్కు కొడతాం’ అని కేక వినిపించేది. ఆ కక్కు అరిగి చదునైతే పప్పు సరిగా నలగదు. నూనె నిలవడానికి లోహం మీద కావాలని గీసే సన్నని గాట్లకు ఈ మాటను వాడి చూడండి. నాకు ఎంతో ఇష్టమైన మాట ఇది, మీ పుస్తకంలో మళ్లీ బతికితే సంతోషిస్తాను.

ఇక వాక్యం. ‘త్రిమితీయ’, ‘త్రిపరిమాణ’ రెండూ వాడుకలో ఉన్నవే, ఏదో ఒకటి ఎంచుకుని పుస్తకమంతా దాన్నే వాడండి. ‘చేత’, ‘యొక్క’, ‘చేయబడుతుంది’ మాత్రం తెలుగు నడకకు అడ్డుపడుతున్నాయి. కొలిచేది పరికరమే కనుక దాన్నే కర్తగా నిలబెట్టండి: ‘ఈ పరికరం ఉపరితలంలోని మిట్టపల్లాలను మూడు దిశల్లోనూ త్వరగా కొలుస్తుంది.’