టెరిటోరియల్ ఆర్మీ మొదటి ఉద్యోగం కాదు

ప్రశ్న: మా అబ్బాయికి 24 ఏళ్లు. బీకాం పాసయ్యాడు. బీసీ, ఎత్తు 168 సెంటీమీటర్లు. అగ్నివీర్‌కు వయసు దాటిపోయింది. సికింద్రాబాద్‌లోని టెరిటోరియల్ ఆర్మీ బెటాలియన్‌లో సిపాయిగా చేరతానని పట్టుబట్టాడు. ఒక అకాడమీవాళ్లు 80 వేలు కడితే సెలక్షన్ ఖాయమంటున్నారు. ఇంట్లో బంగారం పెట్టి కట్టాలా? అది నిజంగా మిలిటరీ ఉద్యోగమేనా? పోలీస్ కానిస్టేబుల్‌తో పోల్చి చెప్పండి. – ఒక తండ్రి, నల్లగొండ జిల్లా

జవాబు: బంగారం పెట్టకండి. సెలక్షన్ ఖాయమని డబ్బు అడిగేవాళ్ల చేతిలో ఏ నియామక ర్యాలీ ఫలితమూ ఉండదు.

టెరిటోరియల్ ఆర్మీ (టీఏ) సైన్యమే, అందులో అనుమానం లేదు. యూనిఫాం అదే, డ్యూటీలో ఉన్న రోజులకు జీతం అదే, ప్రాణానికి ముప్పూ అదే. కానీ మీరు అనుకునే అర్థంలో అది ఉద్యోగం కాదు. ఎందుకో తెలియాలంటే ఆ దళం ఎలా పుట్టిందో చూడాలి. బ్రిటిష్‌వాళ్లు 1920లో చట్టం చేసి ఇండియన్ టెరిటోరియల్ ఫోర్స్ పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో కొత్త చట్టం వచ్చింది. 1949 అక్టోబరు 9న గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి దీన్ని ప్రారంభించారు. బతుకుతెరువు వేరే ఉన్న మనిషి ఏటా కొన్నాళ్లు శిక్షణ తీసుకుని, దేశానికి అవసరమైనప్పుడు తుపాకీ పట్టి, అది తీరాక తిరిగి తన పనికి వెళ్లాలి. అప్పుడూ ఇప్పుడూ ఆలోచన ఇదే.

కాల్బలం బెటాలియన్లకు రెగ్యులర్ రెజిమెంట్లతో అనుబంధం ఉంటుంది. సికింద్రాబాద్‌లోని 125, తిరుచిరాపల్లిలోని 117 బెటాలియన్లు గార్డ్స్ రెజిమెంట్‌వి. కోయంబత్తూరులోని 110 మద్రాస్ రెజిమెంట్‌ది. 1962, 1965, 1971 యుద్ధాలు మూడింటిలోనూ టీఏ యూనిట్లు పనిచేశాయి. అలా పిలిపించి పూర్తికాలం డ్యూటీలో పెట్టుకోవడాన్ని ఎంబాడీ చేయడం అంటారు. అకాడమీలు ‘టీఏలో అందరూ ఎప్పుడూ డ్యూటీలోనే ఉంటారు’ అని చెప్పేది దీన్ని చూపించే. అందులో సగం నిజం ఉంది. కాల్బలం బెటాలియన్లు ఏళ్ల తరబడి డ్యూటీలో ఉన్న సందర్భాలున్నాయి. 2025 మేలో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు 32 బెటాలియన్లలో 14ను ఎంబాడీ చేసుకునే వీలు కల్పించింది. కానీ దాని గడువు 2028 ఫిబ్రవరి 9. మిగతా సగం ఇక్కడుంది: ఉత్తర్వు ఉన్నంతకాలమే డ్యూటీ, ఉత్తర్వు పోతే ఇంటికి. యూనిట్లే రద్దయిన సందర్భాలూ ఉన్నాయి. రైల్వే టీఏ రెజిమెంట్లు ఆరింటిలో జమాల్‌పూర్‌ను మాత్రం ఉంచి మిగతా అయిదింటిని తీసేయాలని రైల్వే నిర్ణయించింది. ఆ అయిదింటిలో సికింద్రాబాద్ ఒకటి.

ఇక పింఛను. సిపాయికి పింఛను రావాలంటే ఎంబాడీ అయి చేసిన సర్వీసు 15 ఏళ్లుండాలి. ఏటా రెండు నెలల క్యాంపుకి వెళ్లి వచ్చి, మిగతా పది నెలలు ఇంట్లో ఉంటే ఆ 15 ఎప్పటికి నిండుతాయి? క్యాంపు లేని నెలల్లో జీతమూ రాదు. రీల్స్‌లో పరేడ్ కనిపిస్తుంది గానీ ఈ పది నెలలు కనిపించవు. ధోనీని చూసి పిల్లలు ఉత్సాహపడుతున్నారు. ఆయనకు 2011లో ఇచ్చింది గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ హోదా. మన పిల్లలు నిలబడేది ర్యాలీ లైనులో.

నోటిఫికేషన్ చదవడంలోనూ తప్పులు జరుగుతాయి. ఎకలాజికల్ బెటాలియన్ అని ఉంటే అది ప్రధానంగా మాజీ సైనికుల కోసం. డెహ్రాడూన్‌లోని 127 గఢ్వాల్ రైఫిల్స్‌ను 1982లో ముస్సోరీ కొండల మీద మొక్కలు పెంచడానికి మొదలుపెట్టారు. రైల్వే, ఆయిల్ కంపెనీల యూనిట్లు ఆ శాఖల ఉద్యోగులకే. బయటి కుర్రాడికి మిగిలేది కాల్బలం ఒక్కటే.

ఇప్పుడు మీతో కొంచెం గట్టిగా మాట్లాడాలి. ‘నిజంగా మిలిటరీ ఉద్యోగమేనా’ అని అడిగారే, ఆ ప్రశ్న వెనక పిల్లాడి భవిష్యత్తు కంటే పెళ్లి సంబంధాలవాళ్లకు ఏం చెప్పాలన్న బెంగ ఎక్కువ కనిపిస్తోంది. 24 ఏళ్లకే వయసు అయిపోయిందని ఇంట్లో రోజూ అంటుంటే, ఏ తలుపు తెరిచి ఉంటే ఆ తలుపులోకి దూరాలని చూస్తాడు. వాడికి సైన్యం మీద ఇష్టం ఉండొచ్చు, మీ మాటల నుంచి తప్పించుకోవాలనీ ఉండొచ్చు. రెండింటిలో ఏదో వాడినే అడగండి, మధ్యలో అందుకోకుండా వినండి.

టీఏ వయసు పరిమితి 42. ఈ తలుపు ఇప్పట్లో మూసుకోదు. డిగ్రీ ఉంది కాబట్టి, సొంత సంపాదన మొదలయ్యాక ఆఫీసర్ పరీక్షకూ కూర్చోవచ్చు. అక్కడా ఖాళీలు తక్కువే, 2025లో 19. డ్యూటీకి పిలిస్తే వెళ్లొచ్చాక యజమాని మళ్లీ ఉద్యోగంలోకి తీసుకోవాలని 1948 చట్టంలోనే ఉంది. ఉద్యోగం ఉన్నవాడికి ఈ చట్టం అండ. లేనివాడికి దానితో పనేముంది?

కానిస్టేబుల్‌తో పోలిక అడిగారు. కానిస్టేబుల్‌కు నెలనెలా జీతం, సొంత రాష్ట్రంలో పని. టీఏకు ఈ రెండిటికీ హామీ లేదు. మీవాడి ఎత్తుకు కేంద్ర బలగాల జీడీ (జనరల్ డ్యూటీ) కానిస్టేబుల్ పోస్టులు కష్టం, అక్కడ 170 అడుగుతారు. టీఏకు 160 చాలు. తెలంగాణ కానిస్టేబుల్‌కు 167.6 కావాలి. మీవాడికి నాలుగు మిల్లీమీటర్లే మిగులు, కాబట్టి పొద్దున లేవగానే కాకుండా సాయంత్రం సరిగా కొలిపించండి. సాయంత్రానికి వెన్ను కాస్త కుంగుతుంది.

పరుగుకు అకాడమీ అక్కర్లేదు. 2022 కానిస్టేబుల్ నియామకంలో 1600 మీటర్లకు 7 నిమిషాల 15 సెకన్లు ఇచ్చారు. టీఏ ర్యాలీలోనూ 1.6 కిలోమీటర్లే, కానీ అయిదున్నర నిమిషాల్లో వచ్చేలా సాధన చేయాలి. అంటే 400 మీటర్ల ట్రాక్ మీద రౌండుకు 82 సెకన్లు. పిల్లలు గుంపును చూసి మొదటి రౌండు 65 సెకన్లలో కొట్టి మూడో రౌండుకు చతికిలబడతారు. వారానికి రెండు రోజులు వాచీ పెట్టుకుని అదే వేగంతో రౌండ్లు కొట్టమనండి. ఒకే సాధన రెండు పరీక్షలకూ పనికొస్తుంది. చెవిలో గులిమి ఉంటే రెండు వారాల ముందే తీయించండి, పళ్లు చూపించండి.

ఈ వారమే చేయాల్సింది ఇంకొకటుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో పొడి అక్షరం మాత్రమే ఉందేమో చూడండి. తేడా ఉంటే మెమోలో ఉన్నట్టే ఆధార్ సరిచేయించండి. పరుగు పాసై, కాగితాల బల్ల దగ్గర వెనక్కి తిరిగొచ్చే పిల్లలు మన వైపు చాలామంది.